గుంపులో ఏ పిట్ట ఏది? పెరట్లో కలిసి తిరిగే చిన్న పిట్టల్ని గుర్తుపట్టడం (ప్రసంగ పాఠం)

నమస్తే అండీ అందరికీ. వెనక వరసలో వినబడుతోంది కదా? సరే, మొదలుపెడదాం.

ఇవాళ నేను మాట్లాడబోయేది పెద్ద పిట్టల గురించి కాదండి. నెమలి, కొంగ, గద్ద ఇలాంటివి ఒకసారి చూపిస్తే చాలు చిన్నపిల్లలు కూడా మర్చిపోరు. నా టాపిక్ ఏంటంటే గుప్పెట్లో పట్టేంత పిట్టలు, అవి కూడా విడివిడిగా కాదు, నాలుగైదు జాతులవి కలిసి ఒక గుంపుగా పెరట్లోకి వస్తాయి చూడండి, అప్పటిదాకా చడీచప్పుడు లేని చెట్టు ఒక్కసారిగా కొమ్మకొమ్మకీ కదలడం మొదలుపెడుతుంది, కిచకిచలు, టిక్ టిక్‌లు, ఆకుల చాటున ఏవేవో గెంతుతుంటాయి, మీరు లోపలికి పరిగెత్తి బైనాక్యులర్ తెచ్చుకునేసరికి సగం గుంపు గోడ దాటేసి ఉంటుంది, మిగిలిన సగంలో ఒకదాని తోక, ఇంకోదాని పొట్ట కనబడతాయి, అంతే. ఆ గుంపు గురించి.

చాలామంది ఇక్కడే వదిలేస్తారు. అన్నీ ఒకేలా ఉన్నాయండీ, అన్నీ పచ్చగా చిన్నగా ఉన్నాయి, ఏది ఏదో ఎలా తెలుస్తుంది అంటారు. నాకు అనిపించేది ఏంటంటే మనం రంగు కోసం వెతుకుతాం, అక్కడే దెబ్బ పడుతుంది. ఆకుల మధ్య ఎండ పడి పచ్చటి వెలుగు తిరుగుతుంటే బూడిదరంగు పిట్ట కూడా పచ్చగానే కనబడుతుంది. గుంపులో పిట్టని అది చేసే పనిని బట్టి పట్టుకోవాలి. చెట్టులో ఎక్కడుంది, ఎలా కదులుతోంది, ఏం ఏరుకుంటోంది, ఎవరి వెనకాల వస్తోంది. ఇవాళ చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందు అసలు ఇవి ఎందుకు కలుస్తాయో చెప్తా. తేనెపిట్టకీ వడ్రంగిపిట్టకీ పసలపోలిగాడికీ ఏం చుట్టరికం? ఏమీ లేదు. అయినా కలిసి తిరుగుతాయి, కారణాలు ముఖ్యంగా రెండు, ప్రాణభయం, తిండి. చిన్న పిట్ట ఆకు కింద పురుగు కోసం తల వంచిందంటే ఆ క్షణంలో పైనుంచి డేగ వచ్చినా చూడలేదు. ఇరవై పిట్టలుంటే ఎప్పుడూ ఏదో ఒకటి తల ఎత్తే ఉంటుంది, అది అరిస్తే అన్నీ దాక్కుంటాయి, ఒకవేళ డేగ పట్టుకున్నా ఇరవైలో ఒకదాన్నే పట్టుకుంటుంది. మరి ఒకే జాతివి ఇరవై ఉంటే సరిపోదా అంటారేమో. ఒకే జాతివైతే అన్నీ అదే కొమ్మలో అదే రకం పురుగు కోసం కొట్టుకుంటాయండీ. వేరే జాతిది అయితే కాపలాకి పనికొస్తుంది, మన కంచంలో చెయ్యి పెట్టదు. ఇక తిండి సంగతి, ఒకటి ఆకుల్లో గెంతుతుంటే దాక్కున్న పురుగు బెదిరి బయటికి ఎగురుతుంది, దాన్ని ఇంకోటి గాల్లోనే అందుకుంటుంది.

1848లో అమెజాన్ అడవులకి వెళ్ళి 11 ఏళ్ళు అక్కడే ఉండిపోయిన హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఆయన ఇలాంటి గుంపుల గురించి రాశాడు. ఎంత తిరిగినా అడవిలో ఒక్క పిట్ట కూడా కనబడదట, ఉన్నట్టుండి చెట్లూ పొదలూ పిట్టలతో నిండిపోతాయట, కాసేపటికి మళ్ళీ ఖాళీ. ఈ గుంపుని ఒక చిన్న బూడిదరంగు పిట్ట నడిపిస్తుందని అక్కడివాళ్ళు నమ్ముతారని కూడా రాశాడు. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు ప్రపంచమంతా గుంపుల్ని చూస్తే ఆ మాటలో విషయం ఉందని తేలింది. గుంపుని కలిపి ఉంచే జాతులు కొన్ని నిజంగానే ఉంటాయి, అవి కదిలితే మిగతావి కదులుతాయి. వాటిని న్యూక్లియర్ స్పీషీస్ అంటారు, మనం పెద్దపిట్టలు అనుకుందాం, సైజులో కాదు, పెత్తనంలో. ఉత్తర అమెరికాలో ఆ పెత్తనం చికడీలది, టిట్‌మౌస్‌లది, వాటి వెనకాల నట్‌హాచ్‌లు, చిన్న వడ్రంగిపిట్టలు, కింగ్‌లెట్లు వస్తాయి. యూరప్‌లో టిట్‌లు. శ్రీలంకలో సింహరాజ అడవిలో నారింజ ముక్కు బాబ్లర్లూ, డ్రాంగోలూ, అంటే మన పసలపోలిగాడి చుట్టాలు, కలిసి గుంపుని కట్టి ఉంచుతాయి, అక్కడి గుంపుల్ని కొన్ని దశాబ్దాలుగా చూస్తున్నారు. మన దక్షిణాది తోటల్లో చూసే చిన్న గుంపుల్లో చాలాసార్లు కంటి చుట్టూ తెల్ల రింగుండే వైట్ ఐలు మధ్యలో ఉంటాయి, చెట్లు ఎక్కువున్న చోట నల్ల తల, తెల్ల బుగ్గల టిట్ కూడా.

ఇదంతా గుర్తుపట్టడానికి ఎందుకంటే, పెద్దపిట్ట జాతి మామూలుగా గుంపులో ఎక్కువ సంఖ్యలో ఉంటుంది, ఎక్కువ అరుస్తుంది, ఎక్కువ కదులుతుంది. కాబట్టి మీ కంటికి ముందు పడేది అదే. దాన్ని ఒక్కసారి బాగా చూసి, ఓకే ఇది వైట్ ఐ, అని తేల్చేసుకోండి. తేల్చుకున్నాక ఇక దాన్ని చూడకండి. ఇది చాలా ముఖ్యం, మనవాళ్ళు పన్నెండు వైట్ ఐలని పన్నెండుసార్లు చూస్తారు, ఈలోగా పదమూడోది వెళ్ళిపోతుంది. ఎక్కువున్నదాన్ని పక్కన పెట్టేసి, దానిలా లేనిది ఎక్కడుందా అని చూడాలి. దానికంటే నెమ్మదిగా ఉన్నదేది? దానికంటే తోక పొడుగున్నదేది? అది పై కొమ్మల్లో ఉంటే కింద పొదలో కదులుతున్నదేది?

వైట్ ఐ అంటే తెలియనివాళ్ళకి, పది సెంటీమీటర్ల పిట్ట, అంటే ఊరపిచ్చుకకంటే బాగా చిన్నది, పిచ్చుక సుమారు పదిహేను ఉంటుంది. వీపు ఆకుపచ్చ పసుపు, గొంతు పసుపు, పొట్ట బూడిద తెలుపు, కంటి చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్ల రింగు. సన్నగా, కాస్త జాలిగా సాగదీసి అరుస్తుంటాయి, ఒకటి అరిస్తే ఇంకోటి పలుకుతుంది, అందుకే కనబడకముందే వినబడతాయి. పూల మీద తలకిందులుగా వేలాడి మరీ తింటాయి. ఒక్కోసారి నుదురు మీద నారింజ రంగు మచ్చ ఉన్న వైట్ ఐ కనబడుతుంది, కొత్త జాతి అనుకుని ఫోటోలు పంపుతారు, అది పుప్పొడి అండీ. పువ్వులో తల దూర్చే పిట్టలన్నిటికీ ఇది అంటుతుంది, తేనెపిట్టలకి కూడా. రంగుని నమ్ముకుంటే ఇలాంటివి చాలా వస్తాయి.

ఇప్పుడు చెట్టు గురించి. మీ పెరట్లో ఒక వేప చెట్టో మునగ చెట్టో, దాని కింద ఒక మందార పొదో ఉందనుకుందాం, గుంపు వచ్చింది. కొనకొమ్మల్లో, చిట్టచివరి ఆకుల దగ్గర, ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి ఆగకుండా తిరిగేవి వైట్ ఐలు, వార్బ్లర్లు. అక్కడే కానీ కాస్త లోపలికి, తొందర లేకుండా, ఒక కొమ్మ మొత్తం చూసుకుని తర్వాత కొమ్మకి వెళ్ళేది అయోరా. మాను మీద, మందపాటి కొమ్మల మీద పాకేవి వడ్రంగిపిట్ట, నట్‌హాచ్. ఇందులో నట్‌హాచ్ తల కిందికి పెట్టి మాను మీద దిగగలదు, వడ్రంగిపిట్ట అలా తలకిందులుగా దిగదు, తోక ఆసరాగా పెట్టుకుని పైకి ఎక్కుతుంది. ఇంత చిన్న గమనికతో ఒక జాతి తేలిపోతుంది చూడండి, రంగు చూడనే లేదు మనం. చెట్టు మధ్యలో ఖాళీల్లో తోక విసనకర్రలా విప్పి ముడుస్తూ అటూ ఇటూ తిరుగుతూ నాట్యం చేసేది ఫ్యాన్‌టెయిల్. కింద పొదలో తోక నిక్కబొడుచుకుని గెంతేది టైలర్‌బర్డ్. ఇక చెట్టు బయట, ఎండుకొమ్మ మీదో కరెంటు తీగ మీదో కదలకుండా కూర్చుని, గుంపు లేపిన పురుగు బయటికి రాగానే దూకి పట్టుకుని మళ్ళీ అదే చోటికి వచ్చేది పసలపోలిగాడు.

అన్నీ ఇలా గీత గీసినట్టు ఉండవు, టైలర్‌బర్డ్ పైకొమ్మకి ఎక్కదని కాదు. కానీ పదిసార్లలో ఎక్కువసార్లు ఎక్కడుంటుందో అదే దాని చోటు.

ఇప్పుడు అసలు తలనొప్పి దగ్గరికి వద్దాం. పచ్చగా చిన్నగా ఉండేవి. నేను ఐదింటి గురించి చెప్తా, చలికాలంలో పెరట్లో ఈ ఐదూ ఒకే చెట్టులో ఉండే అవకాశం ఉంది, గ్రీనిష్ వార్బ్లర్, టైలర్‌బర్డ్, అయోరా ఆడది, తేనెపిట్ట ఆడది, ఫ్లవర్‌పెకర్.

గ్రీనిష్ వార్బ్లర్ మన పిట్ట కాదు, హిమాలయాలూ మధ్య ఆసియా వైపు నుంచి చలికాలానికి వస్తుంది, ఇంచుమించు సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఉంటుంది. దీన్ని దగ్గరగా చూస్తే మొదట కనబడేది కనుబొమ్మ. కంటి పైన లేత పసుపు తెలుపు గీత, ముక్కు మొదలు నుంచి వెనక్కి పొడుగ్గా, దాని కింద కంట్లోంచి పోయే నల్లటి సన్న గీత, ఈ రెంటి వల్ల ముఖం కాస్త కోపంగా ఉన్నట్టు ఉంటుంది. రెక్క మీద ఒక సన్నటి తెల్ల గీత ఉంటుంది కానీ అది అరిగిపోయి కనబడకపోవచ్చు, దాని మీద ఆధారపడొద్దు. దీని పని ఏంటంటే కుదురు లేకపోవడం. ఒక్క క్షణం ఆగదు, ఆగినా రెక్కలు టపటపా విదిలిస్తూనే ఉంటుంది. చీ-విట్, చీ-విట్ అని రెండక్షరాల అరుపు, రోజంతా. ఆ అరుపు ఒకసారి చెవిలో పడిందంటే ప్రతి చెట్టులోనూ అదే వినబడుతుంది, ఇన్నాళ్ళూ ఇవి ఎక్కడున్నాయి అనిపిస్తుంది.

టైలర్‌బర్డ్ కూడా వీపు ఆకుపచ్చే, పొట్ట తెల్లనే, అందుకే దీంతో కలిపేస్తారు. కానీ దీనికి కనుబొమ్మ గీత అలా ఉండదు, నడినెత్తి మీద తుప్పు రంగు ఉంటుంది, తోక ఎప్పుడూ పైకి ఎత్తి ఉంటుంది. గొంతు మాత్రం సైజుకి సంబంధం లేదు, టొవిట్ టొవిట్ టొవిట్ అని పొదంతా దద్దరిల్లేలా అరుస్తుంది, అలా అరిచేటప్పుడు మెడకి రెండు పక్కలా నల్లటి మచ్చలు బయటపడతాయి, నోరు మూయగానే మాయం. దగ్గర్నుంచి చూస్తే చాలా బాగుంటుంది అది. గూడు కట్టే రోజుల్లో మగదానికి తోక మధ్యలో రెండు ఈకలు పొడుగ్గా సూదుల్లా పెరుగుతాయి. దీనికి చుట్టం లాంటిది ఆషీ ప్రినియా, వీపు బూడిద, కింద లేత తుప్పు రంగు, పొడుగు తోక. అది పొదలోంచి ఎగిరినప్పుడు టక్ టక్ టక్ మని నిప్పురవ్వ చిట్లిన చప్పుడు వస్తుంది, అది విన్నారంటే ఇక కళ్ళతో పని లేదు.

అయోరా ఆడది పసుపు పచ్చగా ఉంటుంది, రెక్క మీద రెండు తెల్ల పట్టీలు స్పష్టంగా ఉంటాయి, మగదానికి అయితే రెక్కలు నల్లగా ఉంటాయి కాబట్టి పట్టీలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతాయి. ముక్కు సూటిగా, కాస్త బరువుగా ఉంటుంది. నెమ్మది పిట్ట. సాగదీసిన ఈల వేస్తుంది, సన్నగా మొదలై చివర ఠక్కున కింద పడిపోతుంది.

తేనెపిట్ట ఆడదానికి ముక్కు చూస్తే చాలు, సన్నగా పొడుగ్గా కిందికి వంగి ఉంటుంది. ఏ తేనెపిట్ట ఆడది అంటే, గొంతు బూడిద తెలుపు, పొట్ట పసుపు అయితే పర్పుల్ రంప్డ్, గొంతు నుంచి కింద దాకా లేత పసుపు అయితే పర్పుల్. ఇంకో తమాషా, పర్పుల్ తేనెపిట్ట మగది గూడు సీజన్ అయిపోయాక నలుపు వదిలేసి ఆడదానిలాగే పసుపుగా అయిపోతుంది, కాకపోతే గొంతు మధ్య నుంచి పొట్ట దాకా ఒక నల్ల గీత మిగులుతుంది. తేనెపిట్ట పూల దగ్గరే ఉండాలనేం లేదు, పిల్లలకి పెట్టడానికి సాలీళ్ళని కూడా పట్టుకెళ్తుంది, అందుకని పువ్వు లేని చెట్టులో చూసి ఇది తేనెపిట్ట అయి ఉండదు అని కొట్టేయకండి.

ఫ్లవర్‌పెకర్ ఎనిమిది సెంటీమీటర్లు, మన దేశంలో బాగా చిన్న పిట్టల్లో ఒకటి. ఒక్క గుర్తింపు రంగు కూడా లేని పిట్ట, బూడిద వీపు, మాసిన తెల్ల పొట్ట, పొట్టి తోక, లేత గులాబీ ఛాయ ఉన్న కొద్దిగా వంగిన ముక్కు. దీన్ని పనితో పట్టుకోవడం ఎంత తేలికో చూడండి. చెట్టు కొమ్మల మీదే పెరిగే బదనిక మొక్క ఉందా? ఉంటే ఫ్లవర్‌పెకర్ అక్కడికి వచ్చి తీరుతుంది. బదనిక పండు మింగుతుంది, జిగురుగా ఉండే గింజ బయటికి వచ్చినప్పుడు కొమ్మకి రుద్ది వదిలించుకుంటుంది, ఆ గింజ అక్కడే మొలుస్తుంది. చిక్ చిక్ చిక్ అని పదునుగా అరుస్తూ సూటిగా ఎగిరిపోతుంది. గుంపుతో కాస్త దూరం వస్తుంది కానీ బదనిక కనబడితే అక్కడే ఆగిపోతుంది.

చెట్టు గుంపు సంగతి ఇది. నేల మీద గుంపు వేరు, అవి గింజలు తినేవి, జినువాయిలు అంటే మునియాలు, పిచ్చుకలు, గిజిగాళ్ళు. ఇక్కడ కాపలా కోసం కలుస్తాయి, గింజలు ఒకేచోట పోగై ఉంటాయి కాబట్టీ కలుస్తాయి. వీటిలో చూడాల్సింది ముక్కు, తోక, రెండే. జినువాయిలు పది పదకొండు సెంటీమీటర్లు, ముక్కు పొట్టిగా లావుగా, గడ్డి కాడని వంచుకుని కంకి మీదే కూర్చుని తింటాయి, లేచినప్పుడు అన్నీ ఒక్కసారే ముద్దలా లేస్తాయి. పొట్ట మీద పొలుసుల్లా గీతలుంటే స్కేలీ బ్రెస్టెడ్. ముక్కు నీలం వెండి రంగు, తోక నల్లగా మొనదేలి, నడుము మీద తెలుపు ఉంటే ఇండియన్ సిల్వర్‌బిల్. ముక్కు ఎర్రగా ఉండి రెక్కల మీద తెల్ల చుక్కలుంటే ఎర్ర మునియా, ఆడదానికి ఒంటికి ఎరుపు లేకపోయినా నడుమూ ముక్కూ ఎర్రగానే ఉంటాయి. ఇక ఏ గుర్తూ లేని సాదా గోధుమరంగు పిట్టలు నాలుగు మధ్యలో ఉంటాయి, అవి ఆ ఏడాది పిల్లలు. పిల్లల్ని విడిగా చూసి పేరు పెట్టడం కష్టం, పక్కన ఏ పెద్దవి ఉన్నాయో చూసుకోండి, దేని వెంట పడి నోరు తెరుస్తోందో చూడండి.

గిజిగాడు గూడు సీజన్‌లో పసుపు తలతో ఉంటాడు, ఎవరైనా గుర్తుపడతారు, మిగతా రోజుల్లో మగదీ ఆడదీ రెండూ ఊరపిచ్చుక ఆడదానిలా ఉంటాయి. అప్పుడు ముక్కు చూడండి, గిజిగాడిది పిచ్చుకకంటే బాగా లావు, తోక పొట్టి, కంటి పైన వెడల్పాటి లేత పట్టీ. పిచ్చుక ఆడదానికి ఆ గీత సన్నగా కంటి వెనక నుంచి మొదలవుతుంది.

శబ్దం గురించి కాస్త ఎక్కువ చెప్తాను, నాకు ఇష్టమైన భాగం ఇదే. గుంపులో పిట్టలు ఊరికే అరవవు. డేగ గాల్లో వస్తుంటే చాలా జాతులు ఒకే రకంగా, సన్నగా, పైస్థాయిలో స్స్స్ అన్నట్టు అరుస్తాయి. పీటర్ మార్లర్ అనే శాస్త్రవేత్త 1955లో చెప్పింది ఏంటంటే, ఆ అరుపు ఎక్కడ్నుంచి వస్తోందో కనిపెట్టడం కష్టం, మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది, కాబట్టి అరిచిన పిట్ట దొరక్కుండానే మిగతావాటికి కబురు అందుతుంది. అదే గుడ్లగూబ చెట్టులో కూర్చుని ఉందనుకోండి, అప్పుడు కథ తిరగబడుతుంది, గరగరమని, ఎక్కడున్నానో అందరికీ తెలిసేలా అరుస్తూ అన్ని జాతులూ దాని చుట్టూ చేరి సతాయిస్తాయి. ఉత్తర అమెరికా చికడీ మీద 2005లో వచ్చిన పరిశోధన చాలా అందమైనది, ఆ పిట్ట చిక్-అ-డీ-డీ-డీ అని అరుస్తుంది, శత్రువు ఎంత ప్రమాదమో దాన్నిబట్టి చివర డీలు పెరుగుతాయి. పెద్ద గుడ్లగూబకి తక్కువ డీలు, చిన్న గుడ్లగూబకి ఎక్కువ డీలు, ఎందుకంటే చురుగ్గా మలుపులు తిరిగి చిన్న పిట్టల్ని పట్టేది చిన్నదే. తర్వాత నట్‌హాచ్‌ల మీద చూస్తే అవి చికడీ భాష విని అర్థం చేసుకుని దానికి తగ్గట్టు స్పందిస్తున్నాయని తేలింది. వేరే జాతి మాట వినగలగడం కూడా గుంపులో ఉండటం వల్ల ఒక లాభమన్నమాట.

మనకి దీనివల్ల ఏంటి ఉపయోగం? గుంపు ఉన్నట్టుండి గప్‌చుప్ అయిపోయిందంటే పైకి చూడండి, షిక్రా అనే చిన్న డేగ వెళ్తుండొచ్చు. మీరూ కదలకండి, రెండు మూడు నిమిషాల్లో మళ్ళీ ఒక్కోటి బయటికి వస్తాయి, ఆ బయటికి వచ్చే టైమ్‌లో నెమ్మదిగా ఉంటాయి, చూడటానికి అంతకంటే మంచి టైమ్ లేదు. అన్నీ ఒకే పొద మీద గోల చేస్తుంటే అక్కడ గుడ్లగూబో పామో పిల్లో ఉంటుంది, ఆకుల చాటున ఉండే పిట్టలన్నీ బయట కొమ్మల మీదకి వస్తాయి, గుంపులో ఎన్ని జాతులున్నాయో అప్పుడు తెలుస్తుంది. కొంతమంది ఇది తెలిసి ఫోన్‌లో గుడ్లగూబ అరుపు పెట్టి పిట్టల్ని రప్పిస్తారు, దయచేసి చెయ్యకండి. తిండి తినాల్సిన టైమ్ అంతా లేని శత్రువు మీద పోతుంది వాటికి.

పసలపోలిగాడి జాతి ఇందులో ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. ఆఫ్రికాలో కలహారి ఎడారిలో ఫోర్క్ టెయిల్డ్ డ్రాంగో డేగ రాకపోయినా వచ్చినట్టు అరుస్తుంది, ముంగిసల్లాంటి మీర్‌క్యాట్‌లూ, బాబ్లర్ పిట్టలూ దొరికిన పురుగు వదిలేసి పరిగెడతాయి, ఇది దిగి ఆ పురుగు తినేస్తుంది. అయినా నిజంగా డేగ వచ్చినప్పుడు కూడా అదే ముందు అరుస్తుంది కాబట్టి మిగతావి దాన్ని వదల్లేవు. తోకకి రెండు పొడుగాటి ఈకలుండే మన రాకెట్ టెయిల్డ్ డ్రాంగో వేరే పిట్టల గొంతులు దింపేస్తుంది, మామూలు పసలపోలిగాడు షిక్రా గొంతు కూడా పెడుతుంది. అందుకని విన్నదాన్నల్లా లిస్టులో రాసెయ్యకండి, చూసి రాయండి.

నిలబడే పద్ధతి త్వరగా చెప్పేస్తా. గుంపు వెనకాల పడొద్దు, అది ఎటు పోతోందో చూసి ముందుకెళ్ళి తర్వాతి చెట్టు దగ్గర నిలబడండి, అది మీ మీదకే వస్తుంది. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. బైనాక్యులర్ 8×42 అయితే బాగుంటుంది, 8 అంటే ఎన్ని రెట్లు, 42 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లు, 10 రెట్లది తీసుకుంటే సాధారణంగా కనబడే మేర తగ్గిపోతుంది, గెంతే పిట్ట దొరకదు. పిట్ట మీద నుంచి చూపు తియ్యకుండా బైనాక్యులర్‌ని కళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి, కిందికి చూసి తిప్పుకుంటూ కూర్చుంటే పోతుంది. మొదటి నిమిషం అసలు బైనాక్యులరే వద్దు, ఊరికే కళ్ళతో చెట్టంతా చూడండి.

ప్రశ్నలు తీసుకుందామా? చెప్పండమ్మా.

[శ్రోత: ఫోన్‌లో యాప్ పెడితే పిట్ట అరుపు విని పేరు చెప్తోంది కదండీ, మరి ఇదంతా నేర్చుకోవాలా?]

మెర్లిన్ గురించి అడుగుతున్నారు. మంచి యాప్ అండీ, నేనూ వాడతాను, అరుపుతో గుర్తుపట్టే ఫీచర్ 2021లో వచ్చింది. గుంపు వచ్చినప్పుడు ఆన్ చేసి జేబులో పెట్టుకోండి, ఏ పేర్లు చూపిస్తోందో తర్వాత చూడండి, అది మీకు ఎక్కడ వెతకాలో చెప్తుంది. కానీ నాలుగైదు గొంతులు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు తడబడొచ్చు, పైగా డ్రాంగో వేషం వేస్తే అది కూడా మోసపోవచ్చు. అరవకుండా తిరిగే పిట్టని యాప్ ఎలా చెప్తుంది? ఫ్యాన్‌టెయిల్ తోక తిప్పుతోందని దానికి తెలియదు కదమ్మా.

[శ్రోత: మా పెరట్లో పిట్టలు ఉన్నాయి కానీ ఇలా గుంపులు రావు సార్.]

పెరట్లో పైన చెట్టు, మధ్యలో పొద, కింద ఆకుచెత్త, ఈ మూడూ ఉన్నాయా చూడండి. ఇందాక చెప్పిన చోట్లన్నీ ఉంటేనే అన్ని రకాలూ వస్తాయి. ఆకులు ఊడ్చి కాల్చేసి, పురుగుమందు కొట్టేస్తే వాటికి తిండే లేదు, ఈ గుంపులో ఎక్కువ పిట్టలు పురుగులు తినేవే. వెడల్పాటి పళ్ళెంలో అంగుళం లోతు నీళ్ళు పెట్టి రోజూ మార్చండి, పైనుంచి చుక్క చుక్కగా పడే ఏర్పాటు చేస్తే ఇంకా మంచిది, ఆ చప్పుడికి వస్తాయి. కాలం కూడా చూసుకోవాలి, గూళ్ళు పెట్టే రోజుల్లో ఎవరి జంట వాళ్ళది, ఎవరి గూడు వాళ్ళది, గుంపులు విడిపోతాయి. పిల్లలు ఎగిరిపోయాక మళ్ళీ కలుస్తాయి. చలికాలం ఉదయాలు చూడండి.

ఇంకెవరైనా? చెప్పు నాన్నా, మైక్ ఇవ్వండి ఆ బాబుకి.

[బాలుడు: పిట్టని చూశాను కానీ పేరు తెలియకపోతే ఏం రాయాలి?]

చాలా మంచి ప్రశ్న. తెలియలేదనే రాయాలి నాన్నా, ఊహించి ఏదో పేరు రాయకూడదు. ఈబర్డ్ అని 2002లో మొదలైన వెబ్‌సైట్ ఉంది, ప్రపంచమంతా పిట్టల లెక్కలు అందులో పెడతారు, అందులో కూడా ఫలానా వార్బ్లర్ అని తెలియకపోతే ఏదో ఒక వార్బ్లర్ అని పెట్టే వీలుంది, ఆ లెక్క కూడా శాస్త్రవేత్తలకి పనికొస్తుంది, తప్పు పేరు అయితే పనికిరాదు, పైగా పాడుచేస్తుంది. నోట్‌బుక్‌లో మాత్రం ముక్కు ఎలా ఉంది, చెట్టులో ఎంత ఎత్తులో ఉంది, ఏం చేస్తోంది, ఈ మూడూ రాసుకో, బొమ్మ వచ్చినట్టు గీసుకో. ఎన్ని ఉన్నాయో లెక్క రాసేటప్పుడు ఒక జాతివి ఒకేసారి ఎన్ని కనబడ్డాయో ఆ ఎక్కువ సంఖ్య రాయి, లేకపోతే అటు తిరిగి ఇటు వచ్చిన పిట్టనే రెండుసార్లు లెక్కపెడతావు. ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, 1998లో ఉత్తర అమెరికాలో మొదలై 2013 నుంచి ప్రపంచమంతా చేస్తున్నారు, కనీసం పదిహేను నిమిషాలు చూసి లెక్క రాస్తే చాలు, మీ పెరట్లోంచే చెయ్యొచ్చు, నువ్వూ మీ ఇంట్లోవాళ్ళూ కలిసి చెయ్యండి.

సరే, టైమ్ అయిపోయింది అంటున్నారు. గుంపులు చాలాసార్లు అదే దారిలో మళ్ళీ వస్తుంటాయి కాబట్టి ఇంటికెళ్ళాక రేపటి నుంచి టైమ్ రాసుకోవడం మొదలుపెట్టండి, ఏ చెట్టు నుంచి వచ్చాయి, ఎటు వెళ్ళాయి అని. బయట బల్ల మీద మూడు బైనాక్యులర్లు పెట్టాం, పట్టుకోవడం అలవాటు లేనివాళ్ళు ముందు అటు రండి, ఫోకస్ తిప్పడం చూపిస్తాను.